నెక్స్ట్-సైట్‌మ్యాప్: రోబోట్స్ ఫైల్‌ని నేను చేత్తో రాయడం మానేశాను

మంగళగిరిలో చీరల షాపు నడిపే ఒకాయనకి సైట్ చేసిచ్చాను. దసరా ముందు ఒకరోజు పొద్దున్నే ఫోన్. "అమ్మా, గూగుల్‌లో మన షాపు పేరు కొడితే పక్కవాళ్లవి వస్తున్నాయి, మనది రావట్లేదేంటి?" టెన్షన్‌తో రోబోట్స్ ఫైల్ (సైట్‌లో ఏం చూడొచ్చో, ఏం చూడకూడదో సెర్చ్ ఇంజిన్లకి చెప్పేది) తెరిచి చూస్తే రెండే లైన్లు: 'యూజర్-ఏజెంట్: *', 'డిస్‌అలౌ: /'. అంటే ఏ క్రాలరూ (సైట్ల పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రామ్) లోపలికి రావద్దని. టెస్ట్ సైట్ కోసం రాసిన ఫైల్ అలాగే లైవ్‌లోకి వెళ్లిపోయింది. దిద్దడం నిమిషం పని. కానీ గూగుల్ పాత ఫైల్‌నే మామూలుగా 24 గంటల దాకా పెట్టుకుంటుంది, ఆపైన పేజీలన్నీ మళ్లీ చూసుకోవాలి. అమ్మకాల సీజన్‌లో ఆ నిరీక్షణ ఎంత కష్టమో ఆయన గొంతులో విన్నాను.

అప్పటి నుంచి నెక్స్ట్ జేఎస్ (వెబ్‌సైట్లు కట్టే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్)తో చేసిన నా సైట్లన్నిటికీ నెక్స్ట్-సైట్‌మ్యాప్ అనే ప్యాకేజీనే వాడుతున్నాను. 'పోస్ట్‌బిల్డ్' స్క్రిప్ట్‌లో పెడితే బిల్డ్ (కోడ్‌ని సైట్‌గా సిద్ధం చేయడం) అవగానే సైట్‌మ్యాప్‌తో (సైట్ పేజీల జాబితా) పాటు రోబోట్స్ ఫైల్‌నీ తయారుచేస్తుంది. 'జనరేట్ రోబోట్స్ టెక్స్ట్' అనే సెట్టింగ్ మాత్రం మనమే ఆన్ చేయాలి, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్ కూడా జావాస్క్రిప్టే కాబట్టి అందులో షరతు రాసుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ప్రొడక్షన్ (లైవ్ సైట్) బిల్డ్ అయితే తలుపు తెరువు, ఇంకేదైనా అయితే మూసెయ్. ఏ ఫైల్ ఎక్కడికి వెళ్లాలో ఇక నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కొత్తగా వాడేవాళ్లు రెండు చోట్ల జాగ్రత్తపడాలి. ఒకటి, కాన్ఫిగ్‌లోని 'ఎక్స్‌క్లూడ్'లో కార్ట్ పేజీ పెడితే అది సైట్‌మ్యాప్‌లోంచి పోతుందంతే, రోబోట్స్ ఫైల్‌లో డిస్‌అలౌ చేరదు. దాన్ని 'పాలసీస్'లో విడిగా రాయాలి. రెండోది, జీపీటీబాట్‌కి (ఓపెన్‌ఏఐ వాళ్ల క్రాలర్) వేరే పాలసీ రాస్తే ఆ బాట్ చదివేది దాన్నే, '*' గుర్తు కింద అందరికీ రాసినవి దానికి వర్తించవు. ఇది ప్యాకేజీ లోపం కాదు, 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9309 (రోబోట్స్ ఫైల్‌కి ఉన్న ప్రమాణ పత్రం) చెప్పే పద్ధతే అంత. అందుకే కార్ట్, చెక్‌అవుట్ నిబంధనల్ని నేను రెండు చోట్లా రాస్తాను.

ఫైల్ చివర్లో వచ్చే 'హోస్ట్' లైన్‌ని గూగుల్ పట్టించుకోదు, ఉన్నా నష్టం లేదు.

ఇంకో మాట. డిస్‌అలౌ అంటే తాళం కాదు. బయట ఎక్కడైనా లింక్ ఉంటే ఆ అడ్రస్ సెర్చ్‌లో కనబడే అవకాశం ఉంది. టెస్ట్ సైట్‌కి పాస్‌వర్డ్ పెట్టాల్సిందే.

నెక్స్ట్ 13.3 నుంచి యాప్ ఫోల్డర్‌లోనే రోబోట్స్ ఫైల్‌ని కోడ్‌తో రాసుకునే వీలుంది. పది పేజీల సైట్‌కి అది చాలు, ఈ ప్యాకేజీ అక్కర్లేదు. వందల చీరల పేజీలుండి సైట్‌మ్యాప్ కూడా కావాలంటే మాత్రం నేను దీన్నే ఎంచుకుంటాను. ఇప్పటికీ ప్రతి డిప్లాయ్ (సైట్‌ని లైవ్‌లోకి పంపడం) తర్వాత ఫోన్‌లో ఆ ఫైల్ ఒకసారి తెరిచి చూశాకే షాపాయనకి "అయిపోయిందండీ" అని మెసేజ్ పెడతాను.