రంగు హెచ్చరికా, రాడార్ చిత్రమా? చెన్నై గోడౌన్‌కు ఏది ఎప్పుడు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో సరుకు నిల్వ చేసే మన వ్యాపారులు గుమాస్తాలకు వాన గురించి చెప్పే ఈ రెండూ చదవడం నేర్పి తీరాలి.

వాతావరణ శాఖ రంగు హెచ్చరిక జిల్లా మొత్తానికి, రోజుల ముందే వస్తుంది. పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే రంగంలోకి దిగమని. ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. ఆ వానంతా రెండు గంటల్లో కురిసినా ‘భారీ’ అన్న మాట మారదు, వీధి మాత్రం మునుగుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 100 మి.మీ. పడితే దాదాపు 9,300 లీటర్లు. అందుకే నారింజ రాగానే డాబా గొట్టాల్లో ఆకులు తీయించండి, కింది వరుస బస్తాలను చెక్కపలకల మీదికి ఎక్కించండి.

రాడార్ చూపేది ఇప్పటి వాన. సముద్రం మీంచి వచ్చే మేఘాల బారు ఇందులో చక్కగా తెలుస్తుంది. ఒక్క చిత్రం చాలదు. గడిచిన గంట చిత్రాలు వరసగా చూసి వేగం కట్టాలి. గంటకు 30 కి.మీ. కదిలే బారు 15 కి.మీ. దూరంలో ఉంటే అరగంట ఉన్నట్టు. అయితే దారిలోనే బలహీనపడవచ్చు, నెత్తిమీదే కొత్తది పుట్టవచ్చు. రాడార్‌లో ఎరుపు కనిపిస్తే రెడ్ అలర్ట్ అని కంగారు పడేవాళ్లెందరో! అది ఆ చోట వాన జోరు, అంతే.

సరుకును చెక్కపలకల మీదికి ఎక్కించడానికి రంగునే నమ్మండి. లారీ లోడింగ్ ఆపాలా వద్దా అన్నది రాడార్ చూసి తేల్చండి.