సరుగుడు తోటకు, రొయ్యల గుంటకు: మిలటరీ స్టాలియనా, శక్తిమానా, మామూలు లారీయేనా?

విడవలూరు, అల్లూరు తీరంలోనూ, అటు సింగరాయకొండ, కొత్తపట్నం దిగువనా సరుగుడు కోత మొదలైతే ఇబ్బంది ఒకటే. కొట్టిన కర్ర తోటలో ఉంటుంది, లారీ తారు రోడ్డు మీద ఉంటుంది, మధ్యలో అర కిలోమీటరు ఇసుక. "మిలటరీ వేలంలో ఫోర్ బై ఫోర్ లారీ చౌకగా వస్తుందట" అన్న మాట అక్కడే పుడుతుంది. చౌక అన్నది పాట పాడేవరకే. ఆ తర్వాత కాగితాలు, టైర్లు, రబ్బరు సామాను, పెయింటు అన్నీ కలిస్తేనే అసలు ధర తేలుతుంది.

కాబట్టి బండి కంటే ముందు పని చూడాలి. ముందు చక్రాలకు కూడా ఇంజిను బలం అందుతుందన్న ఒక్క గుణానికే మనం డబ్బు పెడుతున్నాం. కోత రోజుల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే రోజుల్లోనూ తప్ప ఆ ముందు యాక్సిల్‌కు పని లేకపోతే, మిగతా ఏడాదంతా దాన్ని ఊరికే మోసుకు తిరిగి డీజిల్ తగలేయడమే. చీమకుర్తి రాయికో, టంగుటూరు పొగాకు బేళ్లకో హైవే మీద తిప్పడానికైతే మిలటరీ బండి ఆలోచనే వద్దు.

ఎందుకో బరువు లెక్క చెబుతుంది. అశోక్ లేలాండ్ మిలటరీ లారీ స్టాలియన్‌కు సైన్యం పెట్టిన లెక్క రోడ్డు మీద 7.5 టన్నులు, రోడ్డు లేని చోట 5 టన్నులు. వెనక ఒక్కో పక్క ఒక్కటే టైరు. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు సవరించినప్పుడు రెండు టైర్ల యాక్సిల్‌కు 7.5 టన్నులు, నాలుగు టైర్ల యాక్సిల్‌కు 11.5 టన్నులు పెట్టింది. రెండు యాక్సిళ్ల ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు పెరిగింది. పాత లారీకి ఆర్సీలో రాసి ఉన్నదే లెక్క అనుకున్నా, కాటా మీద అది స్టాలియన్ కంటే రెండు మూడు టన్నులు ఎక్కువే మోస్తుంది. పైగా మిలటరీ బండి డెక్కు ఎత్తు. చేత్తో కర్ర ఎక్కించే కూలీలు ఆ ఎత్తు చూసి రేటు పెంచి అడుగుతారు, అందులో తప్పేమీ లేదు.

ఇసుకలో మాత్రం ఆ ఒంటి టైరే వరం. వెనక చక్రం ముందు చక్రం తొక్కిన గాడిలోనే నడుస్తుంది. జంట టైర్లయితే వెనకవి కొత్త ఇసుకను తొక్కాలి, రెండింటి మధ్య బురద ఇరుక్కుంటుంది. ఆరు టైర్ల లారీ ఖాళీగా వెళ్లి కూడా దిగబడేది అందుకే.

ఇక కాగితాలు. చాలామంది ఇంజిను చప్పుడు విని మురిసిపోయి ఇక్కడ దెబ్బతింటారు. ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేలంలో లాటు చూడగానే తేల్చుకోవలసింది, అది వాడకానికి అమ్ముతున్న బండా, తుక్కుగా అమ్ముతున్నదా అని. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు, వాటిని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రాలకే పంపాలి. దేశ రక్షణ పనిలో ఉన్న ప్రత్యేక వాహనాలకు ఆ నిబంధనలో మినహాయింపు ఉంది. అంతమాత్రాన ప్రతి మిలటరీ లారీ మనం తిప్పుకోవడానికి వస్తుందని కాదు. లాటు షరతుల్లో స్క్రాపింగ్ కేంద్రాలకే అని ఉంటే పేజీ మూసేయండి. దాన్ని ఎవరో మధ్యవర్తి "నేను తీసిస్తా" అన్నాడంటే, రేపు ఆర్సీ రాని ఇనుము మీ వాకిట్లో ఉంటుంది.

వాడకానికి అమ్మే లాటు అయితే, సైన్యం నుంచి వచ్చిన బండి రిజిస్ట్రేషన్‌కు ఫారం 20 దరఖాస్తుతో పాటు సంబంధిత అధికారి ఇచ్చిన ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్ అసలు కాపీ ఉండాలి. జిరాక్సు పనికిరాదు. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. యార్డులోనే నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి. సైన్యం వర్క్‌షాపుల్లో ఇంజిన్లు మార్చి బిగించడం మామూలే కనుక ఇంజిను నంబరు దగ్గరే పేచీ వస్తుంది. పాటకు డిపాజిట్ కట్టకముందే ఆ వివరాలతో నెల్లూరు గానీ ఒంగోలు గానీ రవాణా కార్యాలయానికి వెళ్లి, ఈ తయారీ సంవత్సరం బండికి ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఇస్తారా అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను నేరుగా అడగాలి. "మా తోటలోనే తిప్పుకుంటాం, ఆర్సీ ఎందుకు" అనేవాళ్లకు ఒక మాట: మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ బహిరంగ స్థలంలోనైనా, మరే ఇతర స్థలంలోనైనా అని రాసింది. ఇంకొకటి, రక్షణ శాఖ బండికి తప్ప ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. ఆ రంగు మీద మోజుతో కొనేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

స్టాలియన్, శక్తిమాన్, టాటా

శక్తిమాన్ జర్మనీ మాన్ కంపెనీ డిజైను, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారయింది. తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే ఎంత కొత్త శక్తిమాన్ అయినా ముప్పై ఏళ్ల బండి. ఇంజిను మొండిది, వైరింగ్ తక్కువ, పల్లెటూరి మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. కానీ గేరుబాక్సు పళ్లో, ముందు హౌసింగ్‌లో (యాక్సిల్ మధ్య గేర్లుండే గుండులో) క్రౌన్ పినియనో పోతే కొత్త సామాను దొరకదు. ఇంకో శక్తిమాన్‌ను విప్పిన చోటు వెతకాలి, దొరికినా అరిగిన దానికి బదులు అరిగిన దాన్నే బిగిస్తారు. ఎప్పుడో సివిల్ ఆర్సీ అయి, ఫిట్‌నెస్ నడుస్తున్న శక్తిమాన్ ఎదురైతే బేరం ఆడొచ్చు. పదిహేనేళ్లు దాటిన భారీ బండికి ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరిగిందన్నది మాత్రం మరవొద్దు.

స్టాలియన్ అశోక్ లేలాండ్‌ది, అదీ జబల్‌పూర్‌లోనే బిగింపు. ఆరు సిలిండర్ల టర్బో ఇంజిను హినో కుటుంబానిది. ఆర్టీసీ బస్సుల మీద చెయ్యి తిరిగిన ప్రతి మెకానిక్‌కూ హినో ఇంజిను పరిచయమే. ఫిల్టర్లు, నాజిళ్లు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేటు ఆటోనగర్‌లో అడిగితే నంబరు చూసి జత చేస్తారు. ఇబ్బందల్లా ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె), ముందు యాక్సిల్ సామానుతోనే. అవి మామూలు లారీలో ఉండవు కాబట్టి షాపుల్లోనూ ఉండవు. యార్డులో మీ సమయమంతా ఈ రెంటి మీదే పెట్టండి.

టాటా 713 చిన్నది, సైన్యం లెక్కలో 2.5 టన్నుల బండి. గుంట కట్టల మీద, సందుల్లో మలుపు తిరగడానికి సుఖం. అయితే ఆ బరువుకు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు, ట్రాలీ సరిపోతాయి. మేత బస్తాలు, ఏరేటర్లు మోయడానికి ట్రాక్టరే మేలు. వానకు నానిన కట్ట అంచు మీద బరువైన లారీ ఎక్కితే కట్టే జారుతుంది, అప్పుడు ఎన్ని చక్రాలు లాగినా లాభం లేదు.

యార్డులో చూడవలసినవి

బండి స్టార్టు చేసి చూపించరు. బ్యాటరీలు ఉండకపోవచ్చు. ఉన్నది ఉన్నట్టు అమ్మకం కనుక తర్వాత మాట చెల్లదు. ముందు హౌసింగ్, వెనక హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేసుల లెవెల్ నట్లు విప్పనిస్తే వేలు పెట్టి ఆయిల్ చూడండి. నల్లగా ఉంటే పరవాలేదు. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు దిగాయి, బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి. వేలికి మెరిసే ఇనుప రజను అంటితే ఆ లాటు వదిలేయండి. ముందు చక్రాల వెనక స్టీరింగ్ గోళాల దగ్గర గ్రీజు కారి మట్టి గడ్డ కట్టిందంటే సీళ్లు పోయినట్టు. జాయింట్ షాఫ్టులు చేత్తో తిప్పి క్రాసుల లూజు చూడాలి. రేడియేటర్ నీళ్లపై నూనె తెట్టు ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2314 అంటే 2014లో 23వ వారం. గుబ్బలు కొత్తగా కనిపించినా ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ టైరు పక్కగోడ వేలితో వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి. స్టాలియన్‌కు పన్నెండు ఇరవై సైజు టైర్లు, స్టెప్నీతో ఐదు. ట్యూబు, ఫ్లాపు కలిపి వీటి ఖర్చు పాటలోంచి ముందే తీసేసి పాడాలి.

నిద్రపోయిన బండిని లేపడం

సైన్యం బండి తిరిగింది తక్కువ కావచ్చు. నిలబడి ఉండటమే దానికి రోగం. లోబెడ్ మీద తెచ్చుకుని వెంటనే సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ ట్యాంకు కింది నట్టు విప్పి అడుగు నీళ్లు, జిగురు దించేయాలి. రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చి, చేతి పంపు కొట్టి, ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగ రాకుండా డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి. పాత ఇంజిన్ ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోయాలి. ఆ తర్వాత స్టాప్ లీవర్ లాగి పట్టి, పది పదిహేను సెకన్ల చొప్పున సెల్ఫ్ తిప్పుతూ ఆయిల్ ముల్లు కదిలేదాకా ఆగాలి. టర్బో బేరింగు ఆయిల్ మీదే తేలుతుంది. పొడిగా స్టార్టయి ఒక్కసారి రేజ్ అయితే టర్బో అయిపోయినట్టే.

క్లచ్ తొక్కినా గేరు కరకరమంటే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుందన్నమాట. గేర్లో పెట్టి సెల్ఫ్‌తో ఎగిరించి ఊడదీసేవాళ్లున్నారు. ప్లేటు లైనింగ్ ముక్కలైతే మళ్లీ దించక తప్పదు కనుక మొదటే గేరుబాక్సు దించి చూడటం నయం. సింక్రోమెష్ గేరుబాక్సుకు హౌసింగ్ ఆయిల్ పోయకండి. జీఎల్ ఫైవ్ రకం ఆయిల్లోని రసాయనం ఇత్తడి సింక్రో రింగులను తింటుంది. గేరుబాక్సుకు జీఎల్ ఫోర్, హౌసింగులకు జీఎల్ ఫైవ్. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి కుర్రాడికి అప్పగిస్తే తారుమారు ఖాయం.

బ్రేకు గాలి నిండాక ఇంజిను ఆపి పది నిమిషాలు ముల్లు చూడాలి. కళ్లెదుటే దిగుతుంటే ఛాంబరు రబ్బర్లు, గొట్టాలు మార్చాల్సిందే. వెనక స్ప్రింగు బ్రేకు ఛాంబరును మాత్రం రోడ్డు పక్కన విప్పనివ్వొద్దు. లోపలి స్ప్రింగును బోల్టుతో బిగించి కట్టకుండా క్లాంపు ఊడదీస్తే అది మనిషి ప్రాణం తీస్తుంది.

కరెంటు 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి. టేప్ రికార్డరుకో, సెల్ చార్జింగుకో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే తీగ లాగుతారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ సగమే నిండుతుంది, రెండోది చార్జింగ్ ఎక్కువై ఉడుకుతుంది, ఏడాది తిరక్కుండా రెండూ పోతాయి. 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు పెట్టించండి.

ఉప్పునీళ్లు, ఇసుక

గుంటల నీళ్లు, ఉప్పుటేరు దాటే పని ఉంటే హౌసింగ్ బ్రీదర్లకు (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రాలకు) గొట్టం తగిలించి ఛాసిస్ పైదాకా ఎత్తి కట్టాలి. వేడెక్కిన హౌసింగ్ చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. సాయంత్రానికి మంచినీళ్ల బోరు కింద పెట్టి కమాను కట్టలు, బ్రేకు డ్రమ్ములు, చక్రాల నట్లు కడగాలి. ఒక్క సీజను కడగకుంటే నట్లు పానాకు లొంగవు. విప్పేటప్పుడు స్టడ్ చివర ఎల్ అక్షరం ఉందేమో చూడండి, ఉంటే అది ఉల్టా మర.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో రోడ్డు గాలిలో మూడో వంతు దించాలి, దిగబడ్డాక కాదు. వేగం ఇరవై దాటకూడదు, తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. చెయ్యిపెట్టి వేసుకునే ఫోర్ వీల్ రకం, మధ్యలో డిఫరెన్షియల్ లేనిదయితే, గట్టి రోడ్డు మీద అది వేసి నడపకూడదు. మలుపులో ముందు వెనక చక్రాలు తిరిగే దూరం తేడా జారడానికి చోటు లేక ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద పడుతుంది. లీవర్ బిగుసుకుపోయి రాకపోతే సుత్తి అవసరం లేదు. నాలుగడుగులు వెనక్కి నడిపితే వదులవుతుంది.

ఇన్ని చూశాక, సొంత తోటలతో పాటు చుట్టుపక్కల కోతలు కూడా కిరాయికి పట్టేవాళ్లకు, కాగితాలు ముందే తేలిన స్టాలియన్ కొనడం న్యాయం. ఏడాదికొక కోత ఉన్న రైతుకు ఇసుకలో ట్రాక్టరు, రోడ్డు మీద ఆరు టైర్ల పాత లారీ చాలు, రెండు చోట్లా ఎత్తి దించే కూలి కలిపినా. స్టాలియనే కొంటే, అదే వేలంలో పాడైన ఇంకో స్టాలియన్ లాటు ఎంతకు పోతుందో కనిపెట్టండి. దాన్ని కొన్న తుక్కు వ్యాపారితో మాట్లాడి ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగ్ లోపలి సామాను ఇనుము కిలో ధరకు కొంచెం పైన ఇచ్చి అప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. తర్వాత అవసరపడి వెతికితే ఆ ధరకు రావు.