పత్తికి కొట్టే పచ్చదనం టానిక్: నా పాత ఐదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నా

2023 జూలై ఆఖరి వానలకు పరకాల దగ్గర మా నల్లరేగడి చేలో నీళ్లు నిలిచి పత్తి మొత్తం పసుపెక్కింది. వాన తెరిపిచ్చిన మూడో రోజు దుకాణంలో సేటు ఇచ్చిన ఈ టానిక్ కొట్టా, పది రోజుల్లో చేను పచ్చబడింది, ఆ సంబరంలో ఐదు స్టార్లు పెట్టి పక్క చేల వాళ్లకు కూడా కొనమని చెప్పా. ఆ రేటింగ్ తప్పు. ఇప్పుడు రెండుకు తగ్గిస్తున్నా.

నీళ్లు నిలిస్తే వేరుకు గాలి అందదు, నేలలో నత్రజని ఉన్నా మొక్క తీసుకోలేదు, అందుకే ఆకు పసుపెక్కుతుంది. నీళ్లు ఇంకి వేరుకు మళ్లీ గాలి ఆడితే చాలా మొక్కలు వాటంతటవే తేరుకుంటాయి. నేను మందు కొట్టింది సరిగ్గా ఆ తేరుకునే రోజుల్లోనే. ముందు మందు కొట్టా, తర్వాత పచ్చబడింది, కాబట్టి మందు వల్లే అనుకున్నా. కొట్టకపోతే ఏమయ్యేదో చూడలేదు కదా!

పోయిన వానకాలం మళ్లీ అదే పరిస్థితి వస్తే, బాపు వద్దంటున్నా వినకుండా, చేను నడుమ ఆరు సాళ్లు కొట్టకుండా వదిలేసి అక్కడ కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టా. అన్నీ ఒకే విత్తనం, ఒకే రోజు పెట్టినవి, నేల వాలు కూడా ఒకటే. మందు తుంపర ఆ సాళ్ల మీద పడొద్దని గాలి లేని పొద్దున చూసి కొట్టా. పదో రోజు పోయి చూస్తే ఎర్రగుడ్డ కనిపించేదాకా ఏవి కొట్టినవో ఏవి కొట్టనివో తెలియలేదు. బాపు వంగి ఆకులు తిప్పి తిప్పి చూసి ఏమీ అనలేదు. ఇంకోటి, వాగు వైపు పల్లపు మూలలో రెండుసార్లు కొట్టినా పసుపు పోలేదు, పారతో కాలువ తీసి నీళ్లు బయటికి పంపాకే చిగురు పచ్చగా వచ్చింది.

ఒక్క చేను చూసి ఇది ఎక్కడా పనిచేయదని నేననను. ఆకు మాడలేదు, నాజిల్ మూసుకుపోలేదు, ఆ రెండు స్టార్లు అందుకే. కానీ ఎకరానికో సీసా, సీసా 650 రూపాయలు, కొట్టే కూలి వేరే, అంత పెట్టేముందు మీరూ నాలుగు సాళ్లు వదిలి చూడండి. నేను వచ్చేసారి ముందు కాలువ తీస్తా, తర్వాత వ్యవసాయ అధికారులు చెప్పే 13-0-45 (పొటాషియం నైట్రేట్ అనే నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి కొడతా, దానికీ ఆరు సాళ్లు వదులుతా. అప్పట్లో నా మాట విని కొన్న ఇద్దరికీ నిన్న వాళ్ల ఇంటికి పోయి ఈ సంగతి చెప్పి వచ్చా.