ఇత్తడి కుళాయా, పీటీఎంటీ కుళాయా?

విజయవాడలో ఇల్లు కట్టుకునేవాళ్లు కుళాయిల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోవస్తుంది. అప్పుడు తేల్చుకోవాల్సింది ఇదే: క్రోమ్ పూత వేసిన ఇత్తడివి కొనాలా, పీటీఎంటీ ప్లాస్టిక్‌వా?

బోరు నీళ్లు వాడే ఇంట్లో బకెట్ కుళాయికి, పెరట్లో గిన్నెలు తోమేచోట పీటీఎంటీకే నా ఓటు. ధర బాగా తక్కువ, తుప్పు పట్టదు. ఇత్తడి కుళాయి మూతి చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. యాసిడ్‌తో రుద్దితే పూతే లేచిపోతుంది. రోజూ పొడిగుడ్డతో తుడిచే ఓపిక ఉంటేనే మెరుపు నిలుస్తుంది. ప్లాస్టిక్‌దైనా ఐఎస్ 9763 (ప్లాస్టిక్ కుళాయిల భారతీయ ప్రమాణం) ముద్ర చూసే కొనండి.

డాబా మీద ట్యాంకు దగ్గర మాత్రం ఇత్తడిదే పెట్టండి. మన మే నెల ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది.

నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే షవర్ డైవర్టర్ దగ్గర అసలు బేరమే వద్దు. అది గోడలో ఉండిపోయే వస్తువు. కారితే టైల్స్ పగలగొట్టాలి, మళ్లీ అదే షేడ్ దొరకడం కష్టం. మంచి ఇత్తడిది కొని, టైల్స్ అతికించకముందే ప్లంబర్ చేత ప్రెషర్ టెస్ట్ చేయించండి. మిగతా చోట్ల మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి.

ఇత్తడి అని చెప్పి జింక్ మిశ్రమం అంటగట్టేవాళ్లూ ఉంటారు. కుళాయిని వెనక్కి తిప్పి లోపలి మరలు చూడండి, పసుపు రంగు కనపడాలి. చేతిలో బరువు కూడా తెలియాలి.