ఏళ్ల తరబడి విన్నాక కూడా ప్లేలిస్ట్‌లో మిగిలిన రాక్, మెటల్ పాటలు

తొంభైల నాటి ఆల్టర్నేటివ్ రాక్, మెటల్ అనగానే ఎవరిని అడిగినా అవే నాలుగైదు పేర్లు చెబుతారు. వాటి గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పేది వాటి వెనక వరసలో ఉండిపోయిన పాటల గురించి. కొత్తగా దొరికాయన్న మోజులో రాయడం లేదు. ఒకే ప్లేలిస్ట్‌ని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి విని, విసుగొచ్చినవి తీసేస్తూ పోగా మిగిలినవి ఇవి. రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క, అదిరిందని దాచుకున్న పాటలే ముందు రాలిపోయాయి. బేస్ (మంద్రంగా మోగే గిటార్), డ్రమ్స్ గట్టిగా ఉన్నవి, అసలు సరుకు రెండో సగంలో పెట్టుకున్నవి మాత్రం నిలబడ్డాయి.

ముందు ఫెయిల్యూర్. లాస్ ఏంజెలిస్ బ్యాండ్. ‘ఫెంటాస్టిక్ ప్లానెట్’ 1996లో వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్. లేబుల్ (రికార్డు కంపెనీ) వ్యవహారాలు తేలక విడుదల ఆలస్యమైంది, మరుసటి ఏడాదికల్లా బ్యాండే విడిపోయింది. ఇందులో ‘స్టక్ ఆన్ యూ’ రేడియోలో కాస్త మోగింది. ‘ద నర్స్ హూ లవ్డ్ మీ’ని 2003లో ఎ పర్‌ఫెక్ట్ సర్కిల్ అనే బ్యాండ్ మళ్లీ పాడింది కాబట్టి అది వాళ్ల పాటే అనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ఆ కవర్ జోలపాటలా సాగిపోతుంది. ఒరిజినల్‌లో మెత్తగా మొదలైన మాటల మీదికి గిటార్లు వచ్చి పడతాయి, అందుకే దాంట్లో ఉన్న పిచ్చి బయటపడుతుంది. నాకు ఒరిజినలే కావాలి.

అయినా నేను మళ్లీ మళ్లీ వెళ్లేది ఈ రెంటికీ కాదు, ఆల్బమ్ చివర్లో ఉన్న ‘హీలియోట్రోపిక్’కి. మామూలుగా రాక్ పాటలో గిటార్ ముందు నడుస్తుంది, బేస్ దానికి ఆసరాగా ఉంటుంది. ఇక్కడ డిస్టార్షన్ పెట్టిన, అంటే శబ్దాన్ని గరగరలాడేలా చేసిన, బేసే పాటని లాక్కుపోతుంది. గిటార్లు దాని చుట్టూ తిరుగుతూ, కీచుమంటూ, ఒక్కోసారి అసలు గిటార్లేనా అనిపించేలా ఉంటాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ పాటలో సగం వినపడదు. ఆ కింది పౌనఃపున్యాలు అంత చిన్న స్పీకర్‌లో పలకవు. మిగిలిన గిటార్ రొద విని ‘ఏముంది ఇందులో’ అని వదిలేసినవాళ్లని తప్పుపట్టలేం. ఒక మాదిరి హెడ్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

ఈ ఆల్బమ్‌తో ఇంకో చిక్కు ఉంది. పాటల మధ్యలో ‘సెగ్వే’ అని మూడు చిన్న వాయిద్య ముక్కలు పెట్టారు, ఒక పాట ఇంకో పాటలోకి జారుతుంది. షఫుల్‌లో పెడితే ఆ అతుకులన్నీ ఊడిపోతాయి. యాప్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్ని తర్వాతి పాట మొదలుతో కలిపేది) ఉంటే అది కూడా ఆపేయండి. ప్లేలిస్ట్‌లో ఒక్క పాటే ఉంచుకున్నా, ఒకసారి మొత్తం వరసగా విన్నాక ఉంచుకోండి.

ఇలినాయ్ బ్యాండ్ హమ్‌ది వేరే కథ. 1995లో ‘స్టార్స్’ హిట్టయింది, జనం అక్కడే ఆగిపోయారు. అదే ఆల్బమ్‌లోని ‘ఐ హేట్ ఇట్ టూ’ని ఎవరూ పట్టించుకోరు. పాట చాలాసేపు గొణుగుతున్నట్టు నడుస్తుంది. తర్వాత గిటార్లన్నీ ఒక్కసారిగా పడతాయి. వస్తుందని తెలిసి కూడా ప్రతిసారీ ఒళ్లు జల్లుమంటుంది. గొంతు మాత్రం గిటార్ల కింద నలిగిపోతుంటుంది. పదాలు అందవు, పాడేవాడికి కూడా పెద్దగా పాడాలని ఉన్నట్టుండదు. కొన్నాళ్లు ఇది లోపమే అనిపించింది. ఇప్పుడు గట్టిగా పాడితే పాట చెడిపోయేదేమో అనిపిస్తుంది. వీళ్లు 2020లో ముందస్తు ప్రచారం ఏమీ లేకుండా ‘ఇన్‌లెట్’ అనే ఆల్బమ్ వదిలారు. అంత గ్యాప్ తర్వాత వచ్చినవి సాధారణంగా నీరసంగా ఉంటాయి, ఇది ఉండదు.

పాటని ఎలా కట్టారో చూడాలనిపిస్తే షడర్ టు థింక్ వారి ‘ఎక్స్-ఫ్రెంచ్ టీ షర్ట్’ వినండి. 1994 పాట, వాషింగ్టన్ డీసీ బ్యాండ్. మొదటి సగం వంకరటింకరగా, ఎటు తిరుగుతుందో తెలియకుండా పోతుంది. ఇక రెండో సగం మొత్తం దాదాపు ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద, ఒకే పంక్తి మీద తిరుగుతూనే ఉంటుంది. వినేవాడికి మొదట చిరాకొస్తుంది, కాసేపటికి నవ్వొస్తుంది, ఆ తర్వాత తల ఊపడం మొదలవుతుంది. పాడేవాడి గొంతు అందరికీ నచ్చదు. నచ్చనివాళ్లకి ఎంత చెప్పినా నచ్చదు, బలవంతం చెయ్యకండి.

కయస్ బ్యాండ్ పేరు విననివాళ్లు తక్కువే, కానీ వాళ్ల ‘వైట్‌వాటర్’ పాట దాకా ఓపికగా వచ్చినవాళ్లు ఎక్కువమంది లేరు. 1994 నాటి ‘వెల్‌కమ్ టు స్కై వ్యాలీ’ చివర్లో ఉంటుంది, దాదాపు తొమ్మిది నిమిషాలు. ఆ ఆల్బమ్ సీడీ మీద పాటల్ని విడివిడిగా కాకుండా మూడు పొడవాటి భాగాలుగా పెట్టారు, అంటే నచ్చిన పాటకి ఎగిరి దూకే అవకాశం ఇవ్వలేదు. అప్పట్లో ఎంతమంది తిట్టుకుని ఉంటారో! గిటారిస్ట్ జాష్ హోమీ గిటార్ తీగల్ని బాగా కిందికి శ్రుతి చేసి బేస్ గిటార్ కోసం చేసిన ఆంప్లిఫయర్‌లోంచి వాయించేవాడు. అందుకే ఆ శబ్దం కోయదు, నెడుతుంది. పాట సాగే కొద్దీ మాటలు తగ్గి, ఒకే ఊపులో వాయించుకుంటూ పోతారు. పని చేసుకుంటూ వినడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు.

మెటల్ వైపు నా ఓటు వోయివోడ్‌కి. కెనడాలోని క్యుబెక్ బ్యాండ్. 1989 నాటి ‘నథింగ్‌ఫేస్’ గురించి తెలిసినవాళ్లు చెప్తుంటారు, 1993 నాటి ‘ది అవుటర్ లిమిట్స్’ మాత్రం మరుగున పడిపోయింది. దాంట్లో ‘జాక్ లూమినస్’ అనే ఒక్క పాటే 17 నిమిషాల పైన ఉంటుంది, సైన్స్ ఫిక్షన్ కథ. నిడివి చూసే భయపడతారు. అంత భయం అక్కర్లేదు, ఒక్కో భాగం కొన్ని నిమిషాలకు మించదు. కాకపోతే భాగాల మధ్య మలుపులు మొదటి రెండు మూడు సార్లు గుర్తుండవు.

దీన్ని నిలబెట్టేది పిగ్గీ అని పిలుచుకునే గిటారిస్ట్ డెనిస్ డామూర్ చెయ్యి. మెటల్‌లో మామూలుగా పవర్ కార్డ్‌తో, అంటే రెండు స్వరాల జోడీతో, పని కానిచ్చేస్తారు. అది శుభ్రంగా, బలంగా మోగుతుంది, డిస్టార్షన్ పెంచినా చెదరదు. పిగ్గీ కావాలనే పొసగని స్వరాల్ని పక్కపక్కన పెడతాడు. డిస్టార్షన్‌లో అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒక రకమైన కంపనం పుడుతుంది. మొదట్లో శ్రుతి తప్పినట్టు ఉంటుంది. అలవాటయ్యాక వేరేవాళ్ల రిఫ్‌లు చప్పగా అనిపిస్తాయి, అదొక్కటే దీని సైడ్ ఎఫెక్ట్. 2005లో అతను చనిపోయాడు. కంప్యూటర్‌లో వదిలివెళ్లిన గిటార్ రికార్డింగుల మీద మిగతావాళ్లు వాయించి 2006లో ‘కాటోర్జ్’, 2009లో ‘ఇన్ఫిని’ తెచ్చారు. అవి వింటే బాధగా ఉంటుంది తప్ప, ‘జాక్ లూమినస్’ స్థాయిలో లేవనే చెప్పాలి.

ఫిన్లాండ్ బ్యాండ్ అమోర్ఫిస్ 1996లో చేసిన ‘మై కాంతెలె’ కూడా వినండి. మాటలు ‘కాంతెలెతార్’ అనే ఫిన్నిష్ జానపద కవితల సంకలనంలోంచి తీసుకున్నవి. ‘ఎలిజీ’ ఆల్బమ్‌లో ఇది రెండు రూపాల్లో ఉంది: మామూలుది ఒకటి, చివర్లో అకూస్టిక్‌ది ఒకటి. నేను రెండోదే ఉంచుకున్నాను. మొదటిదాంట్లో కీబోర్డ్ మోత ఈ కాలానికి కాస్త పాతబడింది.

న్యూయార్క్ బ్యాండ్ క్విక్‌శాండ్ 1993లో చేసిన ‘ఫేజర్’ కూడా ఉంది. దాని గురించి వివరించేదేం లేదు, పెట్టి వినడమే.

వీటన్నిటికీ వర్తించే ఫిర్యాదు ఒకటుంది. పాత రికార్డింగుల్ని రీమాస్టర్ చేసేటప్పుడు, అంటే మళ్లీ విడుదల కోసం సౌండ్ సరిచేసేటప్పుడు, చాలాసార్లు మొత్తం సౌండ్ పెంచేస్తారు. మెల్లగా ఉండాల్సిన చోటు పైకి లేస్తుంది, డ్రమ్ దెబ్బ కొస తెగిపోతుంది. నేరుగా హోరెత్తే పాటలకి దాంతో పెద్ద నష్టం లేదు. కానీ హమ్ లాంటి బ్యాండ్ పాటకి మెల్లదనానికీ మోతకీ మధ్య తేడానే ప్రాణం, అది పోతే ఇంకేం మిగలదు. కాబట్టి ఒకే ఆల్బమ్ రెండు రూపాల్లో దొరికినప్పుడు పాతది కూడా ఒకసారి పెట్టి చూడండి. రెండూ ఒకే వాల్యూమ్‌లో పోల్చాలి, లేకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసం చేస్తుంది.

జాబితాలోంచి వెళ్లిపోయినవాటిలో ఎక్కువ భాగం తొంభైల చివర్లో వచ్చిన ర్యాప్ కలిపిన మెటల్ పాటలే. రిఫ్ బాగానే ఉంటుంది, మధ్యలో ర్యాప్ రాగానే చెయ్యి స్కిప్ బటన్ మీదికి పోతుంది. కింగ్స్ ఎక్స్ బ్యాండ్ సంగతి ఇంకా తేలలేదు. 1989 నాటి ‘ప్లీయడీస్’ పాటలో బరువైన గిటార్ మీద ముగ్గురూ కలిసి పాడే తీరుకి తిరుగులేదు, దాన్ని తీసే ప్రసక్తే లేదు. అదే ఆల్బమ్‌లోంచి ఇంకో రెండు పాటలు ఉంచాలా వద్దా అన్నదే ఊగిసలాట. ఇప్పటికైతే ఉంచాను.