ఆల్ఫ్రెడ్ రాజు కోసం వెళ్తే బస వేర్‌హామ్‌లో పెట్టుకోండి

తొమ్మిదో శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని ఏలినవాడు ఆల్ఫ్రెడ్. ఆయన విగ్రహం ఉన్న వించెస్టర్‌లో మేం దిగిన బసకి ఒక్క రాత్రికి 148 పౌండ్లు. బ్రేక్‌ఫాస్ట్ అందులోనే అన్నారు, తీరా దిగాక తలకి 14 పౌండ్లు అడిగారు. అమ్మకి మోకాళ్ల నొప్పులని ముందే మెయిల్ పెడితే కింద గది ఇస్తామని జవాబిచ్చారు. ఇచ్చింది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ మెయిల్ తీసి చూపిస్తే రిసెప్షన్‌లో ఉన్నతను ఫోన్ వైపు చూడను కూడా లేదు. అమ్మ ప్రతి మలుపులో ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కింది. హీటర్ పనిచేయడం లేదంటే ఇంకో దుప్పటి ఇచ్చి పంపారు. ఆ రాత్రి నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు.

ఊరి తప్పేం లేదు. ఆల్ఫ్రెడ్ కంచు విగ్రహం, కెథీడ్రల్, పాత వీధులు చూడటానికి ఒక పూట చాలు.

అక్కణ్ణుంచి వేర్‌హామ్‌కి నేరుగా రైలుంది. ఊరికి మూడు వైపులా కోటగోడగా వేసిన మట్టిగట్టు, దక్షిణాన ఫ్రోమ్ నది. గట్టు ఎక్కడానికి టికెట్ లేదు. నాన్న నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. పడమటి గట్టు చూడగానే ఆయన ముఖం విప్పారింది. మన చెరువుగట్టుని చూసినట్టే వాలు చూశారు, పైన వెడల్పు అడుగులేసి కొలిచారు. “పదకొండు వందల ఏళ్లు వానకి నిలిచిందిరా ఈ మట్టి” అన్నారు.

876లో డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన వైకింగులు తిష్ట వేసింది ఈ ఊళ్లోనే. వెళ్లిపోతామని ఒట్టేసి, రాత్రికి రాత్రి ఎక్సెటర్‌కి జారుకున్నారు. 878 జనవరిలో చిప్పెన్‌హామ్ మీద పడితే ఆల్ఫ్రెడ్ అథెల్నీ చిత్తడి నేలల్లో తలదాచుకోవాల్సి వచ్చింది. మే నెలలో ఎడింగ్టన్ దగ్గర గెలిచాడు. గెలిచి ఊరుకోకపోవడమే ఆయన గొప్పతనం. వెసెక్స్ అంతటా ఇలాంటి కోట ఊళ్లు ముప్పై దాకా ఏర్పరిచాడు. సైన్యాన్ని రెండు వంతులు చేసి, ఒక వంతు ఇంటిపట్టున ఉంటే రెండోది యుద్ధానికి సిద్ధంగా ఉండేలా చూశాడు. ఆయన కొడుకు కాలం నాటి పట్టీలో ఏ ఊరి గోడ కాపలాకి ఎంతమందో లెక్కుంది: పదహారున్నర అడుగులకి నలుగురు. వించెస్టర్‌కి 2400 మంది. నాన్న గట్టు మీదే నిలబడి గుణించారు, 9900 అడుగులు వచ్చింది. అక్కడి పాత గోడ పొడవు 9954 అడుగులని చెబితే, ఇంకోసారి గుణించి చూసుకున్నారు.

886లో లండన్ చేతికొచ్చాక దాన్ని తనే ఉంచుకోకుండా పొరుగు రాజ్యం మెర్సియా పాలకుడికి అప్పగించాడు, కూతుర్నీ ఆయనకే ఇచ్చాడు. వైకింగుల చేతిలో లేని ఇంగ్లీషువాళ్లంతా ఆల్ఫ్రెడ్‌ని ఒప్పుకున్నారు. కత్తి ఒక్కదానితో అది అయ్యే పని కాదు.

వేర్‌హామ్‌లో గది 92 పౌండ్లు, కింద అంతస్తే, బ్రేక్‌ఫాస్ట్ నిజంగానే కలిపి. అమ్మ శాకాహారి అని తెలిసి, ఆవిడ అడక్కముందే పుట్టగొడుగులు వేయించి పెట్టారు. అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది.

వాన పడితే గట్టు మీద గడ్డి జారుతుంది, చెప్పులతో ఎక్కకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని నది ఒడ్డున కూర్చోబెట్టి మిగతావాళ్లు చుట్టి రావచ్చు.