లక్నవరం కాటేజీ, కందలమ హోటల్: బసను ఎలా తూచాలి?

వరంగల్ నుంచి ములుగు దారి పడితే రామప్ప, లక్నవరం, తాడ్వాయి ఒకే విడతలో చూసి రావచ్చు. రాత్రి ఎక్కడ ఉండాలన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. గోడకు బొంగు తడిక, పైన ఇంత గడ్డి కనిపిస్తే చాలు, దాన్ని ‘ఎకో కాటేజీ’ అనుకుంటున్నాం.

శ్రీలంకలో దంబుల్లా దగ్గర కందలమ చెరువు ఒడ్డున ఒక ఖరీదైన హోటల్ ఉంది. చెరువు, కొండ, అడవి కలిసిన చోటు కాబట్టి లక్నవరంతో పోల్చుకోవడం తేలిక. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా గీసిన ఈ కట్టడం 1994లో తెరుచుకుంది. మొదట సిగిరియా రాతి కొండ దగ్గరే కట్టాలనుకుంటే, చెరువు అవతల నుంచి ఆ కొండ దూరంగా కనిపించే చోటికి ఆయనే మార్పించాడు. అది వెదురుది కాదు, అచ్చంగా కాంక్రీటు. అయితే కొండ మీది వాన నీరు కట్టడం కింద నుంచే చెరువులోకి జారేలా స్తంభాల మీద నిలబెట్టారు. నడవాలు తెరిచే ఉంటాయి, తీగలు ముందు భాగమంతా కప్పేస్తాయి. మా దృష్టిలో పర్యావరణ కట్టడమంటే ఇది: ముందు నీటి దారి, గాలి దారి, ఆ తర్వాతే గోడ దేనితో అన్నది.

మన ఎండలకు మొదట చూడాల్సింది కప్పు. రేకు మీద పలచగా గడ్డి పరిచిన గది మే నెలలో పగలు ఉండనివ్వదు. అసలు గడ్డికప్పు అయితే అడుగు అడ్డానికి అడుగు ఎత్తు వాలు ఉండాలి. అంతకన్నా చదునైతే నీళ్లు నిలిచి గడ్డి మురుగుతుంది, రెండో వానాకాలానికే కారుతుంది. గూన పెంకు కింద వేడిగాలి పైకి పోవడానికి సందు ఉంటే గది చల్లబడుతుంది. అదే గదికి ఏసీ పెడితే చల్లగాలీ ఆ సందుల్లోంచే పోతుంది, కరెంటు దండగ. ఏసీ గది అంటే లోపల సీలింగ్ ఉందేమో అడగండి. స్లాబు వేయక తప్పకపోతే మధ్యలో మట్టి కుండలు బోర్లించి వేసే పద్ధతి మంచిది. కాంక్రీటు తగ్గుతుంది, కుండలో నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. 1213 నాటి రామప్ప గుడి గోపురానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడింది బరువు తగ్గించడానికి. ఇటుకలో గాలి గూళ్లు ఉంటే వేడి కూడా నెమ్మదిగానే దిగుతుంది. ఈ ఊళ్ల దగ్గర కట్టేవాళ్లు ఆ గుడిని ఒకసారి ఈ కంటితో చూడాలి.

గ్రానైటు గోడ అందంగా ఉంటుంది కానీ పడమటి వైపు నీడ లేకపోతే పగటి వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. అటు వరండా ఉన్న గదే తీసుకోండి.

బొంగు విషయంలో మోసపోయేది ఎక్కువ. అందులోని పిండి పదార్థం కోసం పురుగు వస్తుంది. 100 లీటర్ల నీళ్లలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి, కణుపుల అడ్డు తెరలను లోపలి నుంచి పొడిచి, వారం పది రోజులు నానబెట్టి నీడన ఆరబెట్టాలి. వాన తగిలితే ఆ మందు కడుక్కుపోతుంది. అందుకే చూరు బాగా ముందుకు ఉండాలి, బొంగు మొదలు నేలకు తగలకుండా రాతి దిమ్మె మీద నిలవాలి. మంచం కింద మెత్తని పసుపు పొడి కనిపిస్తే ఆ గదికి మందు పట్టలేదనే అర్థం.

చెరువు మధ్య దీవి మీది బసకు మురుగే అసలు పరీక్ష. ఇంకుడు గుంత ఎఫ్‌టీఎల్‌కు (చెరువు నిండా నిండితే నీళ్లు వచ్చే మట్టానికి) దగ్గరగా ఉంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో చెరువు నిండినప్పుడు మురుగు ఇంకదు. బాత్రూం జాలీ నుంచి వాసన వస్తుంది, మిగిలింది చెరువులో కలుస్తుంది. లక్నవరం నీళ్లు పొలాలకు పారే నీళ్లు. మూసిన ట్యాంకులో పట్టి ఒడ్డుకు పంపు చేస్తున్నారా అని బుకింగ్ అప్పుడే అడగడంలో తప్పు లేదు. సోలార్ గీజర్‌కు ముసురు రోజుల్లో కరెంటు తోడు ఉండాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏ గదైనా నడుస్తుంది, లక్నవరం అప్పుడే బాగుంటుంది. ఏప్రిల్, మేలలో తాడ్వాయి చెట్ల నీడ మేలు, పెంకుల గది దొరికితే ఇంకా మేలు. రెండు చోట్లా కోతులున్నాయి, కందలమలోనూ ఉన్నాయి. కిటికీకి దోమతెరతో పాటు గట్టి జాలీ ఉంటేనే రాత్రి తెరిచి పడుకోగలరు.